నికరంగా మిగిలే బలం

(ఐరాల మండలంలో పొదుపు సంఘం అక్కచెల్లెళ్ల ముందు ఒక సైన్సు టీచరు చెప్పిన మాటలు ఇవి. కొత్తగా చదువు నేర్చుకున్న వారి కోసం రాసి ఇస్తున్నాం.)



ఈ రోజు బలం గురించి మాట్లాడుకుందాం. టానిక్కు తాగితే వచ్చే బలం కాదు. తోసే బలం, లాగే బలం, ఎత్తే బలం. పొద్దున లేచింది మొదలు మీరు చేసేది అదే గదా! బిందె ఎత్తుతారు. బావిలో నీళ్లు చేదుతారు. మొండికేసిన ఎనుమును పలుపు పట్టి లాగుతారు. ఆ బలాన్ని లెక్క కట్టవచ్చు. పాల లెక్క కట్టినట్టే, వడ్డీ లెక్క కట్టినట్టే కట్టవచ్చు.

కూలికి పోయే మాకు ఈ లెక్క ఎందుకు అంటారా? మీలో చాలా మంది తెల్లవారుతూనే ఆటో ఎక్కి పనికి పోతున్నారు. నేను చెప్పాలని వచ్చింది ఆ ఆటో గురించే. కానీ మొదటే ఆటో దగ్గరికి పోతే లెక్క చిక్కుపడుతుంది. అందుకని కాణిపాకం తేరు దగ్గర మొదలు పెడతాను.

కాణిపాకం మన ఐరాల మండలంలోదే. బాహుదా ఏటి ఒడ్డున ఉంది. వినాయక చవితికి మొదలైతే 21 రోజులు ఉత్సవాలు. అందులో తేరు లాగే రోజు ఒకటి. తేరు ముందర మోకులు పరిచి ఉంటాయి. జనం చెరో పక్కా నిలబడి మోకు పట్టుకుంటారు. అందరూ లాగుతారు. తేరు కదలదు. ఇంకా కొందరు వచ్చి చేయి వేస్తారు. అప్పుడు కిర్రుమని కదులుతుంది.

మొదట లాగిన వాళ్ల బలం ఏమైంది? అది ఊరికే పోలేదు. జనం ముందుకు లాగుతుంటే, ఆ లాగుడుకు అడ్డంగా ఇంకొక బలం వెనక్కి పట్టుకుంది. చక్రం నేలను రాసుకుంటుంది. ఇరుసు చక్రాన్ని రాసుకుంటుంది. ఈ రాపిడికి పుస్తకాల్లో ఘర్షణ అని పేరు. ముందుకు లాగే బలమూ, వెనక్కి పట్టే బలమూ సమానంగా ఉన్నంత సేపు తేరు కదలదు. ముందుకు లాగే బలం రవ్వంత ఎక్కువైతే చాలు, కదులుతుంది.

ఇది మీకు తెలిసిన లెక్కే. ఒక నెల కూలి 6000 రూపాయలు వచ్చింది. ఖర్చు 5500 రూపాయలు పోయింది. నికరంగా ఎంత మిగిలింది? 500. సంఘంలో కట్టేది ఆ 500 లోనుంచే గాని, 6000 లోనుంచి కాదు గదా! బలం కూడా అంతే. ముందుకు ఎంత, వెనక్కి ఎంత అని చూడాలి. ఒకదానిలోనుంచి ఒకటి తీసెయ్యాలి. మిగిలిందే నికర బలం. మీ పిల్లల పుస్తకంలో దీన్ని ఫలిత బలం అని రాసి ఉంటారు. రెండూ ఒకటే. వస్తువును కదిలించేది ఈ మిగిలిన బలమే.

ఇక రెండో సంగతి. ఖాళీ తోపుడు బండిని ఒక్క తోపు తోస్తే పరుగెత్తుతుంది. అదే బండి మీద శెనక్కాయల మూటలు వేసి అదే తోపు తోయండి. మెల్లగా కదులుతుంది. అంటే వస్తువులో సరుకు ఎంత ఉంది అనేది కూడా చూడాలి. కాటాలో పెట్టి కేజీల్లో చెప్పేది ఈ సరుకునే. దీన్ని ద్రవ్యరాశి అంటారు. పేరు పెద్దది. భయపడకండి. కేజీలు అనుకోండి, చాలు.

మూడో సంగతి వేగం పెరగడం. బస్సు స్టాండులో నిలబడి ఉంది. డ్రైవరు కదిలించాడు. ఒక సెకను గడిచింది. వేగం కొంచెం పెరిగింది. ఇంకొక సెకను గడిచింది. ఇంకా పెరిగింది. సెకనుకు వేగం ఎంత పెరుగుతున్నదో దాన్ని త్వరణం అంటారు. బ్రేకు వేస్తే సెకనుకు ఇంత అని తగ్గుతుంది. తగ్గడానికీ లెక్క ఇదే.

ఈ మూడింటినీ కలిపి ఒక సూత్రం ఉంది. ఇంగ్లండు దేశపు న్యూటన్ అనే ఆయన 1687లో అచ్చు వేసిన పుస్తకంలో దీని మూలం ఉంది. ఆయన కథ రెండు మాటల్లో చెబుతాను. ఆయన పుట్టక ముందే తండ్రి చనిపోయాడు. మూడేండ్లప్పుడు తల్లి మారు మనువు చేసుకొని వేరే ఊరికి పోయింది. అమ్మమ్మ దగ్గర పెరిగాడు. పెద్దవాడైనాక సేద్యం చూసుకోమని తల్లి బడి మాన్పించింది. సేద్యం ఆయనకు పట్టుబడలేదు. మళ్లీ బడికి పోయాడు. బడి మధ్యలో మాన్పించిన పిల్లలు మన ఊళ్లలోనూ ఉన్నారు, అందుకని చెప్పాను.

సూత్రం ఇది:

నికర బలం = ద్రవ్యరాశి × త్వరణం

అంటే కేజీలను, సెకనుకు పెరిగే వేగంతో హెచ్చవేయాలి. వచ్చేది బలం. పాలకు లీటరు, బట్టకు మీటరు ఉన్నట్టు బలానికి కొలత న్యూటన్. ఆయన పేరే పెట్టారు. ఒక న్యూటన్ ఎంత ఉంటుంది? 100 గ్రాముల టమోటా ఒకటి అరచేతిలో పెట్టుకోండి. అది మీ చేతిని కిందికి నొక్కే బలం సుమారు ఒక న్యూటన్. కేజీ టమోటాలైతే సుమారు 10 న్యూటన్లు. భూమి ప్రతి కేజీనీ అంత బలంతో కిందికి లాగుతుంది. సరిగ్గా చెప్పాలంటే 9.8. మనం లెక్క సులువుగా ఉండేందుకు 10 అనుకుందాం.

ఇప్పుడు పలకలు తీయండి.

తోపుడు బండి, మూటలు కలిపి 100 కేజీలు. ఇద్దరు తోస్తున్నారు. ఒకామె 60 న్యూటన్లు, ఇంకొకామె 50 న్యూటన్లు. కలిపితే 110. రాపిడి 60 న్యూటన్లు వెనక్కి పడుతోంది. నికర బలం ఎంత? 110 లో 60 పోతే 50. ఈ 50ని 100 కేజీలకు పంచండి. అర వచ్చింది. అంటే సెకనుకు అర మీటరు చొప్పున వేగం పెరుగుతుంది. రెండు సెకన్లకు బండి సెకనుకు ఒక మీటరు పోతుంది. అంటే మనిషి మెల్లగా నడిచినంత వేగం.

ఇక్కడ ఒక పెద్దమ్మ మంచి ప్రశ్న అడిగింది. "కదిలినాక తేరు ఒకే తీరుగా పోతుంది గదమ్మా. అప్పుడు కూడా అందరూ లాగుతానే ఉంటారు. మరి వేగం పెరగదేమి?" అని. చదువుకున్న పిల్లలు కూడా ఇక్కడే తప్పు చేస్తారు. తేరు ఒకే వేగంతో పోయేటప్పుడు నికర బలం సున్నా. జనం లాగేదీ, రాపిడి వెనక్కి పట్టేదీ సరిగ్గా సరిపోతున్నాయి. సంపాదన అంతా ఖర్చుకే పోయిన నెల లాంటిది అది. పని ఆగలేదు, మిగులు లేదు. ఉన్న వేగం అలాగే ఉంటుంది. పెరగదు, తరగదు. నికర బలం ఉంటేనే వేగం మారుతుంది. ఈ ఒక్క మాట గుర్తు పెట్టుకుంటే సగం చదువు వచ్చినట్టే.

బావి దగ్గరికి వద్దాం. కాణిపాకం స్వామి కథ కూడా ముగ్గురు అన్నదమ్ములు బావిలో నీళ్లు తోడడంతోనే మొదలవుతుంది. నేను చెప్పేది మా అవ్వ బావి. నీళ్లతో నిండిన బొక్కెన 10 కేజీలు అనుకోండి. భూమి దాన్ని 100 న్యూటన్లతో కిందికి లాగుతుంది. ఒకే తీరుగా చేదితే చేంతాడు మీద పడేది 100 న్యూటన్లే. కానీ తొందర పడి ఒక్క గుంజు గుంజితే? సెకనుకు 5 మీటర్ల చొప్పున వేగం పెంచుతూ గుంజారు అనుకోండి. 10 కేజీలను 5 తో హెచ్చవేస్తే 50. ఈ 50 నికరంగా పైకి మిగలాలి. కింద లాగే 100 కు ఈ 50 కలపాలి. తాడు మీద 150 పడింది. బొక్కెన అదే, నీళ్లు అవే. గుంజినందుకు బలం ఒకటిన్నర రెట్లు అయింది. నలిగిన తాడు 100 కు ఓర్చుకుంటుంది. 150 కు తెగుతుంది. మా అవ్వ రోజూ చెప్పేది, "గుంజొద్దే, మెల్లగా చేదు" అని. ఆమెకు అక్షరం రాదు. లెక్క మాత్రం చేతికి తెలుసు. నేను వినలేదు. బొక్కెన బావిలో పడింది. పాతాళ గరిగె వేసి తీసేసరికి మధ్యాహ్నం అయింది.

శ్రీహరికోట గురించి కూడా ఒక చెల్లెలు అడిగింది. ఇప్పుడు అది తిరుపతి జిల్లాలో ఉంది. 2023 జూలై 14న అక్కడి నుంచే చంద్రయాన్-3 పోయింది. టీవీలో మీరూ చూసి ఉంటారు. "అంత మంట మండుతుంది గదా, మొదట అంత మెల్లగా ఎందుకు లేస్తుంది?" అని ఆమె ప్రశ్న. ఆ రాకెట్టు లేచేటప్పుడు 640 టన్నులు. టన్ను అంటే వెయ్యి కేజీలు. భూమి దాన్ని 64 లక్షల న్యూటన్లతో కిందికి లాగుతుంది. మంట తోసే బలంలో ముందు అంత బలం ఖర్చు కింద పోవాలి. మిగిలిందే పైకి లేపుతుంది. మోయాల్సిన సరుకా, కొండంత. అందుకే మెల్లగా లేస్తుంది. పోయేకొద్దీ లోపలి ఇంధనం కాలిపోతుంది. కేజీలు తగ్గుతాయి. అప్పుడు పరుగు అందుకుంటుంది. తోపుడు బండికీ, రాకెట్టుకూ సూత్రం ఒకటే.

ఇక ఆటో.

ఖాళీ ఆటో 400 కేజీలు అనుకుందాం. మనిషికి 50 కేజీలు వేసుకుందాం. డ్రైవరు, ముగ్గురు మనుషులు. నలుగురికి 200 కేజీలు. అంతా కలిపి 600 కేజీలు. ఆటో గంటకు 36 కిలోమీటర్ల వేగంతో పోతోంది. అంటే సెకనుకు 10 మీటర్లు. ఎదురుగా ఆవు అడ్డం వచ్చింది. డ్రైవరు బ్రేకు వేశాడు. ఆ బ్రేకు ఆటోను 3000 న్యూటన్లతో వెనక్కి పడుతుంది అనుకుందాం.

3000 ను 600 కు పంచండి. 5 వచ్చింది. సెకనుకు 5 మీటర్ల చొప్పున వేగం తగ్గుతుంది. 10 ఉన్న వేగం రెండు సెకన్లలో సున్నా అవుతుంది. ఈ లోపల ఆటో ఎంత దూరం పోయింది? వేగం 10 నుంచి సున్నాకు దిగింది. సరాసరి 5. రెండు సెకన్లు. ఐదు రెళ్లు 10 మీటర్లు. చీర ఐదున్నర మీటర్లు ఉంటుంది గదా. నేల మీద రెండు చీరలు వరుసగా పరిస్తే ఎంతో, సుమారు అంత.

ఇప్పుడు మీరు పోయే ఆటో లెక్క వేద్దాం. "ఎంత మంది ఎక్కుతారు?" అని నేను అడిగాను. నవ్వారు. "డ్రైవరును కూడా కలుపుకుంటే పదహారు మంది" అన్నారు. సరే. 16 మందికి 800 కేజీలు. ఆటోతో కలిపి 1200 కేజీలు. బ్రేకు అదే. 3000 న్యూటన్లు. ఆటో చేసిన వాళ్లు ఆ బ్రేకును తక్కువ మందిని లెక్క పెట్టుకొని చేశారు. మీరు పన్నెండు మంది ఎక్కువ ఎక్కారని బ్రేకుకు బలం పెరగదు. 3000 ను 1200 కు పంచండి. రెండున్నర. సెకనుకు రెండున్నర మీటర్లే వేగం తగ్గుతుంది. ఆగడానికి 4 సెకన్లు. దూరం 20 మీటర్లు. రెండు చీరల దూరంలో ఆగాల్సిన ఆటో నాలుగు చీరల దూరం పోయింది. ఆవు మూడో చీర దగ్గర ఉంటే?

డ్రైవరు ఆవును చూసి, కాలు బ్రేకు మీద వేసే లోపల గడిచే సెకను ఇందులో కలపలేదు. ఆ ఒక్క సెకనులో ఇంకొక 10 మీటర్లు పోతుంది.

దిగుడు దారి అయితే ఇంకా కష్టం. ఇక్కడి నుంచి పలమనేరు వైపు పోతే మొగిలి ఘాట్ ఉంది. అలాంటి దారి అనుకోండి. 20 మీటర్లు పోతే ఒక మీటరు దిగే దారి. అక్కడ ఆటో బరువులో ఇరవయ్యో వంతు ముందుకు లాగుతుంది. 1200 కేజీల ఆటో బరువు 12000 న్యూటన్లు. ఇరవయ్యో వంతు 600. బ్రేకు 3000 లో ఆ 600 ఖర్చు అయిపోయింది. నికరంగా ఆపే బలం 2400. దాన్ని 1200 కు పంచితే 2. ఆగడానికి 5 సెకన్లు, 25 మీటర్లు. మనిషి మారలేదు, ఆటో మారలేదు. దారి దిగింది, అంతే.

ఒక సంగతి చెప్పడానికి నాకే కష్టంగా ఉంది. అయినా చెప్పాలి. డ్రైవరు పక్కన చెక్క మీద పసిబిడ్డను ఒళ్లో పెట్టుకొని కూర్చునే తల్లులు ఉన్నారు. "నా చేతుల్లో ఉన్నాడు గదా, ఏమీ కాదు" అని ధీమా. ఆ ధీమాకు లెక్క వేద్దాం.

బిడ్డ 5 కేజీలు. ఆటో సెకనుకు 10 మీటర్ల వేగంతో పోతూ చెట్టునో, లారీనో గుద్దుకుంది. బ్రేకు వేసి ఆగడం కాదు ఇది. సెకనులో పదో వంతులో ఆగిపోయింది. కన్ను మూసి తెరిచినంత సేపు కూడా లేదు. వేగం 10 నుంచి సున్నాకు పదో వంతు సెకనులో తగ్గింది. అంటే సెకనుకు 100 మీటర్ల చొప్పున. 5 కేజీలను 100 తో హెచ్చవేయండి. 500 న్యూటన్లు. బిడ్డ ముందుకు పోకుండా పట్టుకోవడానికి తల్లి చేతులకు 500 న్యూటన్ల బలం కావాలి. 500 న్యూటన్లు అంటే 50 కేజీల బరువు. ఒక సిమెంటు మూట. ఒళ్లో ఉన్నది బిడ్డే. కానీ ఆ క్షణంలో చేతుల మీద పడేది సిమెంటు మూట. అదీ చెప్పకుండా పడుతుంది. ఆ క్షణంలోనే తల్లి కూడా ముందుకు విసిరినట్టు పోతుంది. ఆమె 50 కేజీలను ఆపాలంటే 5000 న్యూటన్లు కావాలి. ఆమెను ఎవరు పట్టుకుంటారు?

అలాంటి తల్లిని చూపించి, "బిడ్డను గట్టిగా పట్టుకోలేదు" అనే వాళ్లను నేను విన్నాను. లెక్క తెలిసిన వాళ్లు ఆ మాట అనరు. ఎంత బలమైన తల్లికైనా, ఎంత ప్రేమ ఉన్నా, చేతులకు అంత బలం రాదు. తప్పు ఆమె చేతుల్లో లేదు.

ఇక్కడ ఒక అక్క లేచి నన్ను అడిగింది. ఆమె మాట ఆమె మాటగానే రాయమన్నాను.

"అంతా బాగా చెప్పినావు టీచరమ్మా. ముగ్గురే ఎక్కాలంటే తలకు ఎంత బాడుగ పడుతుందో ఆ లెక్క కూడా చెప్పు. మాకు వచ్చే కూలిలో సగం ఆటోకే పోతుంది. ఎక్కకుంటే మేస్త్రి రేపు ఇంకొకరిని పిలుచుకుంటాడు. పని యాడ దొరుకుతుంది? పొద్దున బస్సు ఉంటే మేము ఆటో ఎందుకు ఎక్కుతాము?"

నా దగ్గర దీనికి సమాధానం లేదు. సూత్రంలో కూలి రేటు ఉండదు. పొద్దున ఆరు గంటలకు బస్సు కావాలని సంఘం తరఫున అర్జీ రాయండి. మీకు ఇప్పుడు రాయడం వచ్చు. అందరూ సంతకాలు పెట్టండి. అర్జీలో ఈ లెక్క కూడా రాయండి. 600 కేజీలకు 10 మీటర్లు, 1200 కేజీలకు 20 మీటర్లు అని. ఊరికే "ప్రమాదం" అని రాస్తే పక్కన పెట్టేస్తారు. లెక్క రాసి ఉంటే చదివేవాడు ఒకసారి ఆగి చూస్తాడు.

బస్సు వచ్చే లోపల ఏం చేయాలి? సూత్రంలో మీ చేతిలో ఉన్నది ఏది అని చూడండి. బ్రేకు బలం మీ చేతిలో లేదు. దిగుడు దారి మీ చేతిలో లేదు. ఎంత మంది ఎక్కేది మేస్త్రి చేతిలో ఉంది అంటున్నారు. వేగం? అది డ్రైవరు కాలి కింద ఉంది. కానీ డ్రైవరు మన ఊరి పిల్లోడే. పదిహేను మంది ఆడవాళ్లు ఒక్క గొంతుతో "మెల్లగా పోరా అబ్బోడా" అంటే వినకపోడు. బిడ్డ ఉన్న తల్లిని లోపలికి, వెనక సీటుకు పంపండి. చెక్క మీద బిడ్డతో కూర్చోవద్దు. వెనక కూర్చున్నా గుద్దుకున్నప్పుడు లెక్క మారదు. కానీ బయటికి ఎగిరిపడకుండా ఎదురుగా సీటు ఉంటుంది, మనుషులు ఉంటారు.

మెల్లగా పోతే ఎంత తేడా? దీన్ని నేను చెప్పలేదు. ఆ అడిగిన అక్క చేతికే బలపం ఇచ్చాను. 16 మంది ఉన్న ఆటోనే, 1200 కేజీలు. వేగం సగం చేశాం. గంటకు 18 కిలోమీటర్లు. అంటే సెకనుకు 5 మీటర్లు. మట్టసంగా ఉండే దారి. బ్రేకు 3000 న్యూటన్లు.

ఆమె పలక మీద రాసింది. 3000 ను 1200 కు పంచితే రెండున్నర. 5 ను రెండున్నరకు పంచితే 2. రెండు సెకన్లు. సరాసరి వేగం రెండున్నర. రెండు సెకన్లకు 5 మీటర్లు.

"ఒక చీర కూడా లేదు" అన్నది ఆమె. పలక పైకెత్తి పక్కామెకు చూపించింది. మళ్లీ కూర్చొని, "ఇదే దిగుడు దారిలో అయితే ఎంత?" అని తనకు తానే లెక్క మొదలు పెట్టింది. మీరూ వేసి చూడండి. ఆపే బలం 2400 అని మరిచిపోవద్దు.